బండి లాగడం లేదు, మేస్త్రీ!



పదేళ్లు పైబడిన పికప్ బండి ఉన్న ఇంట్లో ఏదో ఒకనాడు ఈ మాట వినపడక తప్పదు: "బండి లాగడం లేదు." అది పాత టాటా 207 కావచ్చు, బొలెరో పికప్ కావచ్చు, ఛోటా హాథీ అని అందరం పిలుచుకునే టాటా ఏస్ కావచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే పరిగెడుతుంది. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరినా, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినా మూలగడం మొదలుపెడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ చాలాసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే: "పంపు దించాలన్నా." డీజిల్ పంపు దించడమంటే వేలతో పని. దించి, కాలిబ్రేషన్ చేయించి, మళ్లీ బిగించాక కూడా బండి అలాగే మూలిగితే ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు. పంపు చెడిపోదని నేననను. అనుమానించాల్సిన వాటిలో అది చివరి వరసలో ఉండాలంటాను. దానికంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో సగం పానా పట్టకుండానే తేలిపోతాయి.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. బండి లాగకపోవడం వేరు, మిస్ కొట్టడం వేరు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ స్లోలో నిమిషానికి 750 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది. అంటే అన్నీ కలిపి సెకనుకు 25 సార్లు. ఆ వేగంలో వచ్చే దెబ్బలన్నీ కలిసిపోయి చెవికి ఒకే మోత వినపడుతుంది. ఒక సిలిండర్ మండడం మానేస్తే ఆ మోత కుంటుతుంది. గేరు రాడ్డు వణుకుతుంది, క్యాబిన్ ఊగుతుంది, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. ఇది మిస్సింగ్. ఎక్కడో ఒక సిలిండర్‌కు వచ్చిన జబ్బు. అలా కాకుండా మోత సమంగా ఉండి బలం మాత్రమే తగ్గితే, అది ఇంజిన్ మొత్తానికి వచ్చిన లోటు. గాలి చాలడం లేదు, లేదా డీజిల్ చాలడం లేదు, లేదా ఇంజిన్ పడిన కష్టం చక్రాల దాకా చేరడం లేదు.

ఛోటా హాథీ సంగతి ఇంకా కష్టం. 2005లో వచ్చిన మొదటి ఏస్‌లో 702 సీసీ ఇంజిన్, రెండే సిలిండర్లు. ఒకటి పడుకుంటే సగం బలం పోవడంతో ఆగదు. పడుకున్నదాన్ని కూడా రెండోదే తిప్పాలి. అందుకని దాంట్లో మిస్సింగ్‌ను పట్టడానికి చెవి అక్కర్లేదు, బండే నిలబడిపోతుంది.

షెడ్డుకు వెళ్లినప్పుడు "లాగడం లేదు" అని తాళం చేతిలో పెట్టి టీకి వెళ్లిపోకండి. జబ్బు ఎప్పుడు వస్తోందో తెలిసింది బండి తోలేవాడికే. మంచి మేస్త్రి అయితే బానెట్ ఎత్తక ముందే అడుగుతాడు, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అని. డ్రైవరు చెప్పే జవాబు ఇలా ఉంటుంది: "పొద్దున బాగానే ఉంటది మేస్త్రీ. పదిహేను కిలోమీటర్లు వచ్చాక తగ్గిపోద్ది. పక్కకి ఆపి బీడీ కాల్చుకుని ఎక్కితే మళ్లీ లాగుద్ది."

ఈ మూడు ముక్కల్లోనే జబ్బు చాలావరకు బయటపడింది. ఆగితే కోలుకుంటోందంటే ఇంజిన్ లోపల ఏదీ విరగలేదు. డీజిల్ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ట్యాంకులో పేరుకున్న తుక్కు, తుప్పు పొరలు లాక్కునే పైపు మొదట్లోని జల్లెడకు అంటుకుంటాయి. ఇంజిన్ గట్టిగా పీల్చినంతసేపూ అక్కడే అతుక్కుని ఉంటాయి, ఆపగానే జారిపోతాయి. ఇంకో కారణం మరీ చిన్నది. డీజిల్ తగ్గుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. అందుకోసం ట్యాంకు మూతకు సన్నటి బెజ్జమో, విడిగా ఒక పైపో ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుకు డీజిల్ రాదు. బండి మొరాయించిన చోటే మూత తిప్పి చూడండి. ఉస్సుమని గాలి లోపలికి లాక్కుని, ఆ తర్వాత బండి లాగితే జబ్బు మూతలోనే ఉంది. పోయిన మూతకు బదులు ప్లాస్టిక్ సంచి చుట్టి తాడు కట్టిన బండ్లు మన రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

జబ్బు ఎప్పుడొస్తుందో తెలిశాక, రెండో సాక్షి పొగ. డీజిల్ బండిలో ఎక్సలేటర్ తొక్కితే పెరిగేది డీజిల్. గాలి మాత్రం ఇంజిన్ ఎంత పీల్చుకోగలిగితే అంత వస్తుంది. కాబట్టి లోడు మీద బండి లాగకుండా నల్లపొగ కక్కుతోందంటే డీజిల్ అందుతోంది, దాన్ని కాల్చే గాలి చాలడం లేదు. లాగకుండా, పొగ కూడా లేకుండా చప్పగా ఉందంటే గాలి ఉంది, డీజిల్ అందడం లేదు. షెడ్డులో సగం వాదనలు ఈ రెండు ముక్కలతో తీరిపోతాయి. ఇంకా రెండు రంగులున్నాయి. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ముక్కుకు ఘాటుగా డీజిల్ వాసన కొడితే మండని డీజిల్ బయటికొస్తోంది. బండి వేడెక్కినా ఆ తెల్లదనం తగ్గక, రేడియేటర్‌లో నీళ్లు తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

నల్లపొగ అయితే మొదట ఎయిర్ ఫిల్టర్. కోత మిషన్ల పక్కన, ఇటుక బట్టీల దగ్గర, మట్టిరోడ్ల మీద తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క సరిపోదు. ఫిల్టర్ బయటికి తీసి లోపల టార్చిలైటు పెట్టి చూడండి. వెలుగు బయటికి రాకపోతే గాలి కూడా లోపలికి పోదు. గాలి కొట్టి శుభ్రం చేస్తే లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. ఫిల్టర్ తీసేసి "చూడన్నా, ఇప్పుడెలా లాగుతోందో" అని తోలి చూపించే వాళ్లుంటారు. అలా తిప్పనివ్వకండి. పీల్చిన దుమ్ము నేరుగా లైనర్లను, రింగులను అరగదీస్తుంది. టర్బో ఉంటే దాని రెక్కలకూ ప్రమాదమే.

టర్బో ఉన్న బండికి ఇంకో చోటు చూడాలి. టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోస్ పైపులు ఏళ్ల వేడికి గట్టిపడి, క్లిప్పు పక్కనే సన్నగా చీలుతాయి. షెడ్డులో స్లోలో పెట్టి చూస్తే ఆ చీలిక కనపడదు. లోడు మీద లోపల ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అప్పుడు ఈల చప్పుడు, నల్లపొగ, లాగుడు లేకపోవడం మూడూ కలిసి వస్తాయి. ఇంజిన్ ఆపి, చల్లారాక పైపును చేత్తో వంచి చూడండి. ఆయిల్ జిడ్డుకు దుమ్ము పట్టిన గీత కనిపిస్తే అదే చీలిక. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా ఇవే లక్షణాలు. దాన్ని విప్పి శుభ్రం చేయించండి. రేకు ముక్క పెట్టి మూసేసే చిట్కా వద్దు.

పొగ లేకుండా చప్పగా ఉన్న బండికి ముందు ఎక్సలేటర్ చూడాలి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. ఒకరు క్యాబిన్‌లో పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పంపు దగ్గర లివర్ చివరి దాకా వెళ్తోందో లేదో చూడాలి. ఇంజిన్ ఆపే ఉంచండి. పాత కేబుల్ సాగిపోతుంది. ఒక్కోసారి పెడల్ కింద మడతపడ్డ మ్యాటే అడ్డమవుతుంది. కేబుల్ బాగుంటే డీజిల్ ఫిల్టర్. దాని అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. గాజు సీసాలోకి కొంచెం వదిలి కాసేపు కదపకుండా పెడితే నీళ్లుంటే కిందకు దిగుతాయి, డీజిల్ పైన తేలుతుంది. వానాకాలంలో సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలబెట్టిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి. నీళ్లు తెచ్చే తుప్పుతో పంపుకు, నాజిళ్లకు జరిగే నష్టం ఫిల్టర్ ధరతో పోలిస్తే చాలా ఎక్కువ.

తర్వాత గాలి పట్టడం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న దారి పీల్చే దారి. అక్కడ పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బయటి గాలి లోపలికి దూరుతుంది. "ఎక్కడా చుక్క కారడం లేదు మేస్త్రీ" అన్నంత మాత్రాన లీకు లేదని కాదు. ఫీడ్ పంపుకు వచ్చే పైపులో జానెడు ముక్క పారదర్శకమైన డీజిల్ ట్యూబు కలిపి, ఇంజిన్ నడిపి చూస్తే బుడగలు పరిగెత్తడం కంటికే కనిపిస్తుంది. అలా కనిపిస్తే పాత రబ్బరు పైపులు, నలిగిన కాపర్ వాషర్లు మార్చాలి. వాషర్లు చవకే. అయినా పాతవాటినే తిప్పి వేసే అలవాటు మన షెడ్లను వదలదు.

ఇంజిన్ తప్పేమీ లేకుండా లాగని బండ్లూ ఉంటాయి. ఇంజిన్ రేజు అవుతున్నా వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. కొంతదూరం తోలి ఆపాక ఒక చక్రం డ్రమ్ము మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసింది. చెయ్యి ఆనించొద్దు, దగ్గర పెడితే సెగ తెలుస్తుంది. టైర్లలో గాలి, వేసిన బరువు సంగతి మీకే తెలుసు. పేపర్లో రాసిన బరువుకు రెండింతలు వేసి ఇంజిన్‌ను తిట్టి లాభం లేదు.

ఇప్పుడు మిస్సింగ్. ఇక్కడ నేను కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే పాత మెకానికల్ పంపు ఉన్న డీఐ ఇంజిన్‌లో ఏ సిలిండర్ పడుకుందో ఒక్క పానాతో పట్టుకోవచ్చు. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా, పంపు నుంచి నాజిల్‌కు వచ్చే స్టీలు పైపు నట్టును నాజిల్ దగ్గర అర చుట్టు వదులు చేయాలి. సాధారణంగా 17 పానా పడుతుంది. కళ్లద్దాలు, చేతికి గ్లవుజులు ఉండాలి. చుట్టూ బట్ట వేయాలి. వేడి సైలెన్సర్ మీద డీజిల్ పడకుండా చూసుకోవాలి. బాగా మండుతున్న సిలిండర్‌కు నట్టు వదలగానే ఇంజిన్ మోత పడిపోతుంది, ఊపు ఎక్కువవుతుంది. బిగించగానే మళ్లీ అందుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వరసగా చూసుకుంటూ పోవాలి. ఏ నట్టు వదిలినప్పుడు మోతలో తేడా రాదో అదే పడుకున్న సిలిండర్. వదిలినా బిగించినా ఒకటేనంటే అది ముందునుంచీ పని చేయడం లేదనే కదా.

ఒక హెచ్చరిక. సీఆర్‌డీఐ (కామన్ రైల్) అని రాసి ఉన్న బండికి ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. పాత నాజిల్ 200 బార్ అటూ ఇటూగా తెరుచుకుంటుంది. కామన్ రైల్ పైపులో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. అక్కడి నుంచి చిమ్మే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి వెళ్తుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల వేలు, చెయ్యి పోయేంత ప్రమాదం. పొరపాటున ఎవరికైనా అలా తగిలితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.

సరే, పాత ఇంజిన్‌లో మూడో సిలిండర్ పడుకుందని తేలింది. కారణం నాజిలా, కంప్రెషనా? మూడో నాజిల్ తీసి రెండో దాంట్లో, రెండో దాన్ని మూడో దాంట్లో కొత్త వాషర్లతో బిగించండి. మళ్లీ అదే నట్టు పరీక్ష చేయండి. మిస్సింగ్ రెండో సిలిండర్‌కు మారితే దోషం నాజిల్‌ది. మూడో దగ్గరే ఉండిపోతే నాజిల్ నిర్దోషి. నాజిల్ మీదే అనుమానమైతే టెస్టర్ మీద పెట్టించండి. చేతి పంపు కొడుతుంటే గేజీ ముల్లు లేస్తుంది, చెప్పిన ఒత్తిడి దగ్గర డీజిల్ మంచు తుంపరగా విడిపోవాలి. ధారగా వచ్చినా, చిమ్మడం ఆగాక మూతి దగ్గర చుక్క నిలబడినా ఆ నాజిల్ పనికిరాదు. ఆ చుక్కే ఆలస్యంగా మండి, ఏళ్ల తరబడి వదిలేస్తే పిస్టన్ తలకు చిల్లు పెడుతుంది.

కంప్రెషన్ అయితే సంగతి లోతుకు పోతుంది. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగు వేడెక్కడం అందరం చూసిందే. డీజిల్ ఇంజిన్ మొత్తం ఆ వేడి మీదే బతుకుతుంది. గాలిని సుమారు పద్దెనిమిదో వంతుకు నొక్కితే 500 డిగ్రీలు దాటిన వేడి పుడుతుంది, అందులో చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఎక్కడైనా గాలి జారిపోతే ఆ వేడి పుట్టదు. పొద్దున్నే తెల్లపొగతో మిస్ కొట్టి, వేడెక్కాక సర్దుకునే బండ్లలో చాలావాటిది ఈ కథే. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లలో ఆ ప్లగ్గులు పోయినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ముందు అవి చూడాలి.

గాలి ఎటు జారుతోందో వినవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆ సిలిండర్ పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపి, నాజిల్ బెజ్జం నుంచి కంప్రెసర్ గాలి ఎక్కించాలి. ఇంజిన్ ఒక్కసారిగా తిరగవచ్చు కాబట్టి ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులుండకూడదు. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెట్టినప్పుడు జోరుగా గాలి వినపడితే రింగులు, లైనర్లు అరిగాయి. సైలెన్సర్ గొట్టంలో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినపడితే ఇన్లెట్ వాల్వు కూర్చోవడం లేదు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ గానీ హెడ్ పగులు గానీ. పక్కపక్కనున్న రెండు సిలిండర్లకూ కంప్రెషన్ ఒకేసారి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందేమో చూడాలి.

ఇక్కడ టాపెట్ల గురించి ఒక మాట. టకటకమనే టాపెట్లను చూసి భయపడతాం, నిశ్శబ్దంగా ఉంటే సంతోషిస్తాం. నిజానికి మరీ బిగుసుకుపోయిన టాపెట్టే ప్రమాదం. సందు లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారుతుంది, వాల్వు కాలుతుంది. హెడ్ దించక ముందు ఫీలర్ గేజీతో సందులు కొలిపించండి. ఈ చిన్నపనితో పెద్దపని తప్పిన బండ్లున్నాయి.

సీఆర్‌డీఐ బండికి చెవి, పానా చాలవు, స్కానర్ కావాలి. పీ0301 వస్తే ఒకటో సిలిండర్ మిస్, పీ0302 అయితే రెండోది, అలా. పీ0087 అంటే కామన్ రైల్‌లో ఒత్తిడి చాలడం లేదు. కోడ్ రాగానే ఇంజెక్టర్ కొనేయకండి. కోడ్ చెప్పేది ఎక్కడ బాధ ఉందో మాత్రమే. కనెక్టర్ వదులయిందా, పశువుల పాక పక్కన నిలబెట్టిన బండిలో ఎలుక వైరు కొరికిందా అన్నది ముందు చూడాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి ఇంజిన్ కాసేపు నడిపితే, అరిగిన దాని సీసా మిగతావాటికంటే ముందే నిండుతుంది. కొత్త ఇంజెక్టర్ వేస్తే, దాని మీద సొంత కోడ్ నంబరుంటే దాన్ని బండి కంప్యూటర్‌లో ఎక్కించమనండి. సీఎన్‌జీ ఏస్ అయితే స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్, వైర్లే మిస్సింగ్‌కు మొదటి ముద్దాయిలు.

చివరగా ఒక చెడ్డ అలవాటు గురించి. బండి లాగడం లేదనగానే పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచేసే వాళ్లున్నారు. ఆ రోజుకు బండి లాగుతుంది, యజమాని సంతోషంగా వెళ్తాడు. ఎయిర్ ఫిల్టర్ అలాగే మూసుకుని ఉంటుంది, నల్లపొగ రెట్టింపవుతుంది, ఇంజిన్ లోపలి వేడి పెరిగి పిస్టన్, వాల్వులు కాలతాయి. ఆర్నెల్ల తర్వాత బోరు పనికి వచ్చినప్పుడు "పాత బండి కదన్నా" అంటారు. పంపు సీలు తెంపడమంటే కాలిబ్రేషన్ బెంచి మీద జరగాల్సిన పని. రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్‌తో చేసేది కాదు.

కాబట్టి రైతు సోదరులకు, బండి మీదే బతుకుతున్న అన్నదమ్ములకు నా విన్నపం ఒకటే. పంపు దించుదామన్న మాట వచ్చినప్పుడు మేస్త్రిని రెండు అడగండి. మిస్సవుతున్నది ఏ సిలిండర్? దాని కంప్రెషన్ ఎంత? మిస్సింగ్ లేని బండి అయితే, ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఏం చూశావని అడగండి. జవాబు వచ్చేదాకా పంపు మీద పానా వేయనివ్వకండి. నాజిల్ టెస్టింగ్ మీ ఎదురుగా చేయించుకోండి, మార్చిన పాత సామాన్లు అడిగి తీసుకోండి.